రాయగడలో ఉండి గిటారు, గొంతుతో ఒక్కడే బతకాలంటే: ముందు ఏం కొనాలి, ఏం రాయించుకోవాలి?

నాగావళి_గట్టు అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. మాది ఒడిశాలోని రాయగడ. గిటారు వాయిస్తూ పాడతాను. గ్రూపు లేదు, కీబోర్డు ట్రాకులు పెట్టుకోను. తెలుగు సినిమా పాటలు, ఒడియా ఆధునిక పాటలు కలిపి ఓ నలభై వచ్చు. సొంతవి ఆరు ఉన్నాయి, నాలుగు తెలుగు, రెండు దేశియా (కోరాపుట్ వైపు మాట). చేతిలో ఉన్నది బ్యాటరీ ప్రీఆంప్‌ ఉన్న మామూలు ఎలక్ట్రో అకౌస్టిక్ గిటారు. పెట్టగలిగేది 35 వేలు.

ఆ డబ్బుతో ముందు స్పీకరు కొనాలా, మైకు కొనాలా? కల్యాణ మండపాల్లో గిటారు కాస్త పెంచగానే "బూ" అని కూత మొదలవుతోంది, ఎందుకు? వానలు పడేసరికి తీగలు పైకి లేచి ఎఫ్ కార్డు పట్టడమే కష్టమవుతోంది, గిటారు పాడైనట్టేనా? సొంత పాటలు ఆన్‌లైన్‌లో పెట్టే ముందు ఏ కాగితాలు చూసుకోవాలి? ఒక మెలొడీ గ్రూపు వాళ్లు సీజనుకి రమ్మంటున్నారు. వెళ్లనా, ఒక్కడినే నిలబడనా?

బరంపురం_సౌండు:

తమ్ముడూ, స్పీకరు జోలికి ఇప్పుడే పోకు. స్పీకర్లు ప్రతి టెంటు హౌసు వాడి దగ్గరా ఉంటాయి. వాడి దగ్గర లేనివి రెండే: పాటకి పనికొచ్చే మైకు, గిటారుకి డీఐ బాక్సు (గిటారు సిగ్నల్ని మైకు కేబుల్లో మిక్సరుకి పంపే చిన్న డబ్బా). పెళ్లి పిలుపులు చదవడానికి వాడే మైకు నీకు ఇస్తాడు, జాలీ సొట్ట పడి, లోపల స్పాంజి నల్లబడి ఉంటాది. గిటారు తీగని నేరుగా మిక్సరులో గుచ్చుతాడు. అక్కడే నీ పాట సగం పోయింది.

కాబట్టి వరస ఇది. మొదట కార్డియాయిడ్ (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా వినే) డైనమిక్ మైకు, స్విచ్చి లేనిది. 1966 నుంచి అమ్ముతున్న ష్యూర్ ఎస్ఎం58 రకం చాలు, అంతకు మించి ఖరీదైన కండెన్సరు మైకు మండపంలో చేటే, ఎందుకంటే అది గది మొత్తాన్నీ వింటాది. ఈ మోడలుకి నకిలీలు ఎక్కువ. అసలుది సుమారు 300 గ్రాములు తూగుతాది, చేతిలో తేలిగ్గా అనిపిస్తే తీసుకోకు. బిల్లు ఇచ్చే అధీకృత డీలరు దగ్గరే కొను. తర్వాత డీఐ. నీ గిటారులో బ్యాటరీ ప్రీఆంప్ ఉంది కాబట్టి పాసివ్ డీఐ సరిపోద్ది. ప్రీఆంప్ లేని వట్టి పియెజో (తీగల అదురుని సిగ్నలుగా మార్చే) పికప్‌ అయితే యాక్టివ్ డీఐ కావాలి, లేకపోతే కింది శబ్దం చచ్చి రేకు డబ్బా మోగినట్టు ఉంటాది. తర్వాత కేబుళ్లు: గిటారు కేబులు 5 మీటర్లది రెండు (ఒకటి స్పేరు), ఎక్స్‌ఎల్ఆర్ 10 మీటర్లవి రెండు. గిటారు కేబులు అంతకన్నా పొడుగు పెడితే కరెంటు గుర్రు పట్టుకుంటాది, డీఐ పెట్టేదే దాన్ని ఆపడానికి. బూమ్ స్టాండు ఒకటి. ఇంకా మిగిలితే నాలుగైదు చానళ్ల చిన్న మిక్సరు. గొంతు, గిటారు నీ మిక్సరులోనే కలిపేసి టెంటు హౌసు వాడికి ఒక్క తీగ ఇచ్చేస్తే వాడి చెయ్యి పడే చోటు తగ్గిపోద్ది. ఆ తీగ వాడి లైన్ ఇన్‌పుట్‌లో పెట్టాలి, మైకు ఇన్‌పుట్‌లో పెడితే చితికిపోద్ది. ఆ చానల్‌కి 48 వోల్టుల ఫాంటమ్ (మైకులకి మిక్సరు పంపే కరెంటు) ఆపించాలి.

ఇక కూత సంగతి. గిటారు పెట్టెలో ఉన్న గాలికి తనకంటూ ఒక స్వరం ఉంటాది. పెద్ద డ్రెడ్‌నాట్ గిటారులో అది 100 హెర్ట్జ్ చుట్టుపక్కల, అంటే 6వ తీగ మీద జి, ఏ స్వరాల దగ్గర. పై చెక్క కూడా 200 హెర్ట్జ్ దగ్గర ఊగుతాది. మండపంలో గచ్చు, టైల్సు, గాజు కిటికీలు. స్పీకరు శబ్దం తిరిగొచ్చి ఆ పెట్టెని ఊపుతాది, పికప్ దాన్నే మళ్లీ స్పీకరుకి పంపుతాది, అదే నీ "బూ". మందులు: శబ్దరంధ్రానికి రబ్బరు మూత పెట్టు, దానికన్నా చవకగా ఎక్కువ లాభం ఇచ్చేది లేదు. ప్రీఆంప్ మీద ఫేజ్ బటన్ ఉంటే నొక్కి చూడు, కొన్ని చోట్ల కూత వెంటనే పోద్ది, కొన్ని చోట్ల పెరుగుద్ది, చూసి వదిలెయ్. బేస్ నాబు సగానికి తగ్గించు. గొంతు చానల్‌కి 100 హెర్ట్జ్ దగ్గర లో-కట్ (అంతకన్నా కింది శబ్దాన్ని కోసేది) పెట్టు. గిటారుకి 80 దగ్గర పెట్టొచ్చు, అట్టడుగు ఈ తీగ 82 హెర్ట్జ్, దానికి దెబ్బ తగలదు.

"కీ" అని సన్నగా వచ్చే కూత వేరు, అది మైకుది. స్పీకర్లు నీకన్నా ముందు, జనం వైపు ఉండాలి, నువ్వు వాటి వెనక కనీసం 2 మీటర్లు. కార్డియాయిడ్ మైకు తన వెనక సరిగ్గా తోక వైపు వినదు, మానిటరు (నీ పాట నీకు వినిపించే స్పీకరు) అక్కడ పెట్టు. సూపర్ కార్డియాయిడ్ అయితే తోక వైపు కొంచెం వింటాది, మానిటర్ని పక్కకి జరపాలి. ఇది తెలియక మైకు మార్చిన ప్రతివాడూ మైకుని తిడతాడు. జాలీని గుప్పిట్లో పట్టుకుంటే మైకు వెనక కూడా వినడం మొదలెడుతుంది, సినిమాల్లో చూసి ఆ పని చేయకు. నోటికీ మైకుకీ దూరం 10 సెంటీమీటర్ల నుంచి 5కి తగ్గిస్తే 6 డీబీ ఊరికే వస్తాది, నాబు ముట్టక్కర్లేదు.

జనం రాకముందే ఇలా చెయ్యి. మాస్టరు మెల్లగా పెంచుతూ మొదటి కూత వచ్చేదాకా వెళ్లు, ఆ ఫ్రీక్వెన్సీని ఈక్వలైజరులో 3 నుంచి 6 డీబీ కొయ్యి. మళ్లీ పెంచు, రెండోది కొయ్యి. మూడు కోతలు దాటితే పాట బోలుగా అయిపోద్ది, అక్కడ ఆపి మొత్తం 3 డీబీ తగ్గించి వదిలేయ్. జనం కూర్చున్నాక గది మారుతుంది, బట్టలు, మనుషులు శబ్దాన్ని పీల్చుకుంటారు, అప్పుడు కొంచెం పెంచుకోవచ్చు.

కరెంటు గురించి ఒక్క మాట, ఇది ప్రాణాల మీదది. పెదవి మైకుకి తగిలి చురుక్కుమంటే పాట ఆపు. గిటారు ఒక ఎర్తు మీద, మైకు ఇంకో ఎర్తు మీద ఉన్నాయన్నమాట. మీ సామాను మొత్తం ఒకే మూడు పిన్నుల బోర్డు మీద పెట్టండి. గుర్రు పోవడానికి ఎర్తు పిన్ను విరిచే మహానుభావులు ఉన్నారు, వాళ్లని దగ్గరికి రానివ్వకు, గుర్రుకి డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్చి ఉంది. జనరేటరు మీద పెట్టేముందు మల్టీమీటరుతో చూడు, 207 నుంచి 253 వోల్టుల మధ్య ఉంటే సరే. న్యూట్రల్‌కి ఎర్తుకి మధ్య 5 వోల్టులు దాటితే వైరింగులో తేడా ఉంది.

వంశధార_తీగలు:

గిటారు పాడవ్వలేదు. నీళ్లు తాగింది. చెక్క గాలిలో తేమ తీసుకుని ఉబ్బుతుంది. పై చెక్క పొట్టలా లేస్తుంది, దాంతో బ్రిడ్జి, తీగలు లేస్తాయి. గిటారుకి ఇష్టమైన తేమ 45 నుంచి 55 శాతం. ఆషాఢ శ్రావణాల్లో రాయగడ, గుణుపురం ఇళ్లలో గాలి తేమ దానికి చాలా పైన ఉంటుంది. బరంపురం, గోపాలపురం వైపు సముద్రం ఉప్పు కూడా తోడు, అక్కడ తీగలు ఇంకా తొందరగా తుప్పు పడతాయి. మే నెలలో ఇదే తిరగబడుతుంది: చెక్క ఎండి లోపలికి కుంగుతుంది, తీగలు ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) మీద "జర్రు"మంటాయి, మెడ అంచుల్లో ఫ్రెట్ల కొసలు వేలికి గీసుకుంటాయి. పై చెక్క ప్లైవుడ్ అయితే ఈ ఊగిసలాట తక్కువ, నిజమైన ఒంటి పలక అయితే ఎక్కువ. ఆరుబయట పాడేవాడికి ప్లైవుడ్ గిటారు తక్కువ రకమేమీ కాదు, ఈ మాట షాపువాళ్లు చెప్పరు.

కొలిచి చూడండి, అందాజా వద్దు. 12వ ఫ్రెట్ దగ్గర తీగ అడుగుకీ ఫ్రెట్ నెత్తికీ మధ్య 6వ తీగకి 2.4 నుంచి 2.8 మిల్లీమీటర్లు, 1వ తీగకి 1.6 నుంచి 2. పెరిగిందంటే కారణం రెండు చోట్ల ఉండొచ్చు, మెడలో లేదా పొట్టలో. 6వ తీగని 1వ ఫ్రెట్ దగ్గర, 14వ ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి పట్టి, 7వ ఫ్రెట్ మీద ఖాళీ చూడండి. మందమైన కాగితం పట్టేంత, అంటే 0.1 నుంచి 0.25 మి.మీ. ఉంటే మెడ బాగుంది. అంతకన్నా ఎక్కువ ఉంటేనే ట్రస్ రాడ్ (మెడ లోపలి ఇనుప కడ్డీ) ముట్టాలి. గిటారుతో వచ్చిన అలెన్ కీతో పావు తిప్పు బిగించి, పది నిమిషాలు ఆగి, శృతి చేసి, మళ్లీ కొలవాలి. బలంగా తిరగనంటే ఆగిపోండి. రాడ్ విరిగితే మెడ పోయినట్టే. మెడ బాగుండి తీగలు మాత్రమే లేస్తే తప్పు పొట్టది; రాడ్ తిప్పితే లాభం లేదు, తేమ తగ్గించాలి. శాడిల్ (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్నని పట్టీ) అరగదీయమని ఎవరైనా అంటే వానాకాలంలో ఒప్పుకోవద్దు. చలికాలంలో చెక్క దిగాక తీగలు ఫ్రెట్లకి అంటుకుపోయి కొత్త శాడిల్ వేయాల్సొస్తుంది.

తేమ తగ్గించడానికి మూత బిగుసుకునే పెట్టె, అందులో 50 గ్రాముల సిలికా జెల్ సంచులు రెండు, చిన్న డిజిటల్ తేమ మీటరు. గుళికలు రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడుకోవచ్చు. నీలం రంగువి కొనకండి, వాటిలో కోబాల్టు ఉంటుంది. నారింజ రంగువి తీసుకున్నా వంట మూకుడులో మాత్రం వేడి చేయకండి. మీటరు 45 కిందకి పోతే సంచులు తీసేయాలి, వేసవిలో పెట్టెలో మరిచిపోతే అవే గిటారుని పగలగొడతాయి.

తీగలు 12-53 మందం సెట్టు వేసి ఉంటే 11-52కి దిగండి. లాగే బరువు సుమారు పదోవంతు తగ్గుతుంది, ఎఫ్ పట్టు తేలికవుతుంది, రెండు గంటలు వాయించినా వేళ్లు బతుకుతాయి. 10-47 వేస్తే ఇంకా తేలికే గాని పికప్‌లో శబ్దం పలచబడుతుంది. చెమట చేతులకి 15-20 గంటల వాయింపు అయ్యేసరికి తీగలు మొద్దుబారతాయి, వాయించిన ప్రతిసారీ పొడి నూలు గుడ్డతో పైనా అడుగునా తుడిస్తే ఇంకొన్ని రోజులు. తీగ ఎక్కడ తెగిందో చూసి పారేయండి: శాడిల్ దగ్గర తెగితే శాడిల్ అంచు పదునుగా ఉంది, కీ దగ్గర తెగితే కీ కన్నంలో గరుకు ఉంది. రెండూ 600 నంబరు సాండ్ పేపరుతో పోతాయి. ఒకే చోట మూడుసార్లు తెగితే కంపెనీని తిట్టడం ఆపి ఆ చోటు చూడాలి.

ప్రయాణం: రాయగడ సుమారు 200 మీటర్ల ఎత్తు, కోరాపుట్ 870. ఘాటు ఎక్కగానే చలి తగులుతుంది. చేరాక పెట్టె మూత తీయకుండా అరగంట ఆపి అప్పుడు తెరవండి, లేకపోతే శృతి పట్టదు. రైల్లో పై బెర్తు మీద, బస్సులో కాళ్ల మధ్య. డిక్కీలో, టాపు మీద వద్దు. ఎండలో వేడెక్కిన డిక్కీలో జిగురు కరిగి బ్రిడ్జి ఊడుతుంది, ఆ రిపేరుకి విశాఖ వెళ్లాలి. ప్రీఆంప్ బ్యాటరీ ఆల్కలైన్ 9 వోల్టులది వాడండి. కేబులు గుచ్చి ఉన్నంతసేపూ అది కాలిపోతూనే ఉంటుంది, పాట అయ్యాక పీకేయాలి.

సుగమ_స్వరం:

బాబూ, సామాను గురించి పెద్దలు చెప్పారు. పాట గురించి నేను చెప్తాను.

నలభై పాటలు రావడం వేరు, నలభై పాటలు వరుసలో ఉండటం వేరు. ఒక్కరే పాడేటప్పుడు 45 నిమిషాల భాగాలు చేసుకోవాలి, మధ్య 15 నిమిషాలు గొంతుకి విశ్రాంతి. ఒక భాగానికి పది పదకొండు పాటలు. మొదటి మూడూ పై స్థాయి అక్కర్లేనివి పెట్టుకోవాలి. ఎత్తైన పాట రెండో భాగం మధ్యలో. ఒకే లయ, ఒకే కొట్టుడు ఉన్న రెండు పాటలు పక్కపక్కన పడితే జనం మాట్లాడుకోవడం మొదలెడతారు. డ్రమ్ములు లేవు కాబట్టి కుడి చేతి నడకే మీ డ్రమ్ము: ఒక పాట స్ట్రమ్మింగు, ఒకటి వేళ్లతో, ఒకటి 6/8లో. అంతే తేడా మీ చేతిలో ఉంది.

సినిమా పాట రికార్డులో ఉన్న శృతిలో పాడాలనే పంతం వద్దు. మీ హాయైన పైస్వరం ఏదో చూసుకుని, పాటలోని అతి పై స్వరం దానికి ఒక మెట్టు కిందే ఉండేలా దించుకోవాలి. ఇంట్లో అందినది మండపంలో రెండో గంటకి అందదు. కేపో (మెడ మీద తీగలన్నిటినీ నొక్కే క్లిప్పు) 2వ ఫ్రెట్ మీద పెట్టి జి పట్లు వాయిస్తే వచ్చేది ఏ శృతి. ఆ లెక్క పాట పక్కనే కాగితం మీద రాసుకోండి, కేపో మరిచిపోయి ఎత్తుకోవడమే స్టేజీ మీద ఎక్కువగా జరిగే పొరపాటు.

ఇప్పుడు ఒడియా. మన తెలుగువాళ్లు ఒడియా పాట పాడితే రాగం తప్పు పట్టరు, అచ్చు తప్పు పడతారు. వాళ్ల 'అ' మన 'అ' కాదు, 'ఒ'కి దగ్గర. హిందీలోలా చివరి అచ్చు మింగేయకూడదు, పలకాలి. మన 'వ' చాలా మాటల్లో 'బ' అవుతుంది: వనం వాళ్లకి 'బొనొ'. 'క్ష'ని 'ఖ్య'లా పలుకుతారు, లక్ష అంటే 'లొఖ్యొ'. మనకి కలిసొచ్చేది 'ళ'. వాళ్లకీ ఉంది, మనకీ ఉంది, హిందీ నుంచి వచ్చిన గాయకులకే అది లేదు. పాట తెలుగు లిపిలో రాసుకోవచ్చు గాని ఈ ఒకారాలు రాసుకుని మరీ పాడండి. జయపురం, కోరాపుట్ వైపు దేశియా మాట వేరుగా ఉంటుంది, దాన్ని కటక్ ఒడియాలా దిద్దకండి.

గొంతు: పాటకి ముందు 10-15 నిమిషాలు. సన్నని స్ట్రా నోట్లో పెట్టుకుని దాని గుండా కింద నుంచి పైకి, పైనుంచి కిందకి స్వరం జార్చడం, ఐదు నిమిషాలు, అది చాలా పని చేస్తుంది. తర్వాత పెదవులు బుర్రుమనిపిస్తూ సరళీలు. పుదీనా ఘాటు బిళ్లలు గొంతుని చల్లగా ఉన్నట్టు మభ్యపెట్టి ఎండగడతాయి, గోరువెచ్చని నీళ్లే మేలు. పెళ్లి భోజనం పాట తర్వాతే. గుసగుసలాడటం గొంతుకి విశ్రాంతి కాదు. రెండు వారాలు దాటి బొంగురు తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టరుకి చూపించాలి, తేనె మిరియాలతో లాగకూడదు.

మెలొడీ విషయం. వెళ్లండి, కానీ ఒక్క సీజనుకి. పెద్ద వాద్యబృందంలో అకౌస్టిక్ గిటారు వినపడదు, కీబోర్డు, ఆక్టోపాడ్‌ కింద పూడిపోతుంది. మీరు అక్కడ నేర్చుకునేది స్టేజీ నడక, జనం నాడి, కాల్ షీటు క్రమశిక్షణ. ఆకాశవాణికి జయపురం, బరంపురంలో కేంద్రాలున్నాయి. సుగమ సంగీతం (లలిత సంగీతం) ఆడిషన్ ఇస్తే బి, బి హై, ఏ, టాప్ అని గ్రేడులు. డబ్బు కోసం కాదు, గ్రేడు ఉన్న పేరుకి జిల్లా ఉత్సవాల కమిటీ దగ్గర విలువ వేరు. రాయగడ చైతి, కోరాపుట్ పరబ్ లాంటి వాటికి జిల్లా సంస్కృతి అధికారి కార్యాలయంలో దరఖాస్తు పెట్టుకోవాలి: ఒక పేజీ పరిచయం, ఫొటో, రెండు పాటల లింకులు. పాటలు స్టేజీ మీద పాడినవై ఉండాలి, స్టూడియోలో మెరుగులు దిద్దినవి చూపిస్తే నమ్మరు.

కాగితాల_సంగతి:

ముందు స్టేజీ లెక్క. 35 వేల సామాను మూడేళ్లు వస్తుందనుకోండి, ఏడాదికి 40 ప్రోగ్రాములు, మొత్తం 120. ఒక్కో ప్రోగ్రాముకి సామాను అరుగుదలే సుమారు 290 రూపాయలు. దానికి తీగలు, బ్యాటరీ, రానుపోను, తిండి, రాత్రి బండి దొరక్కపోతే లాడ్జి కలపండి. ఇవి మీ కూలి కాదు, మీ జేబులోంచి పోయేవి. కూలి దీని పైన మొదలవుతుంది. "రెండు గంటల పాటే కదా" అనేవాళ్లకి రెండు గంటలు కనిపిస్తుంది, మీకు పోయేది ఇంట్లోంచి బయలుదేరి తిరిగొచ్చేదాకా పది గంటలు. తెలుగువాళ్ల పెళ్లిళ్లు ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో ఉండవు. ఆ మూడు నెలల ఖాళీని కూడా మిగతా నెలల రేటే మోయాలి.

ఒప్పుకోలు వాట్సాప్‌లో రాయించుకోండి: తేదీ, చోటు, ఎన్ని గంటలకి ఎక్కి ఎన్నింటికి దిగాలి, సౌండు ఎవరిది, మొత్తం ఎంత, సగం అడ్వాన్సు, మిగతాది స్టేజీ ఎక్కేముందు, వాళ్లే రద్దు చేస్తే అడ్వాన్సు తిరిగి ఇవ్వనని. "ఇంకో గంట పాడండి బాబూ" అంటే దానికి రేటు ముందే రాసి ఉండాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్ స్పీకరు కూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు. పెళ్లి ఊరేగింపు ఆలస్యమై 9:45కి స్టేజీ ఎక్కిస్తే పావుగంటలో పోలీసు వస్తాడు, ఆ నష్టం మీది కాదని కూడా రాయించుకోండి.

పన్ను: కాలేజీ, కంపెనీ లాంటి ఒకే సంస్థ ఏడాదిలో 50 వేలు దాటి ఇస్తే 10 శాతం టీడీఎస్ కోస్తుంది. పాన్ ఇవ్వకపోతే 20. 60 వేలకి 6 వేలు కోశారంటే అవి పోలేదు, రిటర్ను వేసి తెచ్చుకోవచ్చు, చాలామంది వేయరు. మొత్తం ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ నమోదు మీకు అక్కర్లేదు.

సినిమా పాటలు పాడొచ్చా అని మీరు అడగలేదు గాని అడగాల్సిందే. పెళ్లి, దాని సంబరాల్లో పాడితే కాపీరైటు చట్టమే మినహాయింపు ఇచ్చింది, 52వ సెక్షను. హోటలు, టికెట్టు ప్రోగ్రాము, కాలేజీ ఫెస్టు అయితే లైసెన్సు కావాలి, అది తీసుకోవాల్సింది నిర్వాహకుడు. "గాయకుడే చూసుకుంటాడు" అని కాగితంలో ఇరికిస్తారు, ఆ వాక్యం కొట్టేయించండి.

ఇక సొంత పాటలు. ఎక్కువ మోసం ఇక్కడే. చిన్న లేబుళ్లు ఓ పదివేలు చేతిలో పెట్టి "అన్ని హక్కులూ శాశ్వతంగా" అని సంతకం పెట్టించుకుంటాయి. తెలిసి ఉండాల్సినవి: హక్కు బదిలీ రాతలో, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. 2012 సవరణ తర్వాత పాట రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని వదులుకుంటున్నామని రాసినా చెల్లదు. కానీ ఆ వాటా మీ దాకా రావాలంటే రచయితల, స్వరకర్తల రాయల్టీ వసూలు చేసే సంఘం ఐపీఆర్‌ఎస్‌లో సభ్యులై, ప్రతి పాటనీ నమోదు చేయాలి. గాయకుడిగా వచ్చేది వేరు, అది గాయకుల సంఘం ఇసమ్రా చూస్తుంది. రాసింది, కట్టింది, పాడింది మీరే అయితే రెండు చోట్లా ఉండాలి. పాటకి ఇంకొకరు ఒక్క చరణం రాసినా, విడుదలకి ముందే ఎవరికి ఎంత శాతమో ఒక కాగితం మీద రాసి ఇద్దరూ సంతకం పెట్టండి. హిట్టయ్యాక రాసుకుందామంటే ఎవరూ రాయరు.

నాగావళి_గట్టు:

గురువులందరికీ దండాలు. మూత, డీఐ రెండూ ఈ వారమే. రెండు అనుమానాలు మిగిలాయి. మా ఇల్లు రేకుల ఇల్లు, అందులో రికార్డింగు అవుతుందా? దేశియా పాటల్లో ఒకటి పాత జానపద వరస మీద కట్టాను, దాన్ని నాదని వేసుకోవచ్చా?

బరంపురం_సౌండు:

అవుద్ది, వాన లేని రోజు. తెల్లారగట్ట నాలుగు నుంచి ఆరు, అప్పుడు రోడ్డు చప్పుడు ఉండదు, రేకు ఎండకి టకటకలాడదు. ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. గది మూలలో పాడకు. వెనక గోడకి రెండు బొంతలు దండెం మీద వేలాడదియ్, నేల మీద ఇంకోటి. మైకు వెనకాల గోడ కన్నా నీ వెనకాల గోడే ముఖ్యం, మైకు చూసేది దాన్ని కదా. రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ (మైకు, గిటారు శబ్దాన్ని కంప్యూటరులోకి పంపే డబ్బా), 24 బిట్, 48 కిలోహెర్ట్జ్. గిటారుకి మైకు శబ్దరంధ్రం ఎదురుగా పెట్టకు, గుమ్మడికాయ తట్టినట్టు వస్తాది. మెడ, పెట్టె కలిసే చోటు, 12వ ఫ్రెట్ వైపు చూస్తూ 20-30 సెంటీమీటర్ల దూరం. గిటారు ముందు, గొంతు తర్వాత, వేరు వేరుగా తియ్యి. హెడ్‌ఫోను చెవిని పూర్తిగా మూసేది వాడు, లేకపోతే తాళం కోసం పెట్టుకున్న క్లిక్కు చప్పుడు మైకులో పడుతుంది. రికార్డు చేసేటప్పుడు సాఫ్ట్‌వేరులో బఫరు సెట్టింగు 128, మిక్సు చేసేటప్పుడు 512. లెవెలు ముల్లు మైనస్ 12 డీబీ దగ్గర ఆడనియ్, సున్నా తగిలితే ఆ టేకు పోయినట్టే. గుర్రు వస్తే లాప్‌టాప్ చార్జరు పీకి చూడు, సగంసార్లు దొంగ అదే. పూర్తి చేశాక గట్టిదనం మైనస్ 14 లఫ్స్ (పాట మొత్తం గట్టిదనాన్ని కొలిచే లెక్క) చుట్టూ, పీకు మైనస్ 1 దాటకుండా. ఇంకా గట్టిగా నొక్కితే స్పాటిఫై ఎలాగూ తగ్గిస్తుంది, నీకు మిగిలేది నలిగిన పాట.

కాగితాల_సంగతి:

జానపదం గురించి జాగ్రత్త. నిజంగా ఊళ్లో తరతరాలుగా వస్తున్న వరస అయితే సంప్రదాయం అని రాసి, మీ మాటలు, మీ కూర్పు మాత్రమే మీవని వేసుకోవచ్చు. కానీ ఒడిశాలో జానపదం అని అందరూ అనుకునే చాలా పాటలకి రాసినవాడు, కట్టినవాడు ఉన్నారు. 'రంగబతి' చూడండి. దాని రచయిత మిత్రభాను గౌంతియా, స్వరకర్త ప్రభుదత్త ప్రధాన్. 2015లో ఒక టీవీ కార్యక్రమంలో దాన్ని కొత్తగా పాడితే వాళ్లిద్దరూ అభ్యంతరం చెప్పారు. కాబట్టి మీ వరస ఎవరైనా ముందు రికార్డు చేశారా అని కోరాపుట్, జయపురం పాత క్యాసెట్లవాళ్లని, ఆకాశవాణివాళ్లని అడిగి చూసుకోండి. ఉంటే వాళ్ల అనుమతి రాతలో తీసుకోండి.

విడుదలలో అందరూ చేసే తప్పులు మూడు. మొదటిది, డిస్ట్రిబ్యూటరుకి (పాటని యాప్‌లలోకి ఎక్కించే కంపెనీకి) రేపు విడుదల అనగా ఇవాళ పంపడం. మూడు నాలుగు వారాల ముందు పంపాలి, స్పాటిఫై సంపాదకులకి చూపించాలంటే కనీసం 7 రోజులు ముందే అక్కడ ఉండాలి. రెండోది, ఒక పాటకి ఒక స్పెల్లింగు, ఇంకో పాటకి ఇంకో స్పెల్లింగు. అప్పుడు రెండో పాట వేరే ఎవరి పేజీలోకో పోతుంది, వెనక్కి తేవడానికి వారాలు పడుతుంది. ఇంగ్లీషులో మీ పేరు ఎలా రాస్తారో ఇప్పుడే ఒక్కటి ఖాయం చేసుకోండి. మూడోది, ప్రతి రికార్డింగుకీ 12 అక్షరాల గుర్తింపు నంబరు ఐఎస్‌ఆర్‌సీ వస్తుంది, దాన్ని రాసి దాచుకోవాలి. డిస్ట్రిబ్యూటరు మారినప్పుడు కొత్త నంబరు తీసుకుంటే పాత లెక్కంతా సున్నాకి పోతుంది, పాత నంబరుతోనే ఎక్కించమనాలి. కవరు బొమ్మ 3000 బై 3000 పిక్సెళ్లు, దాని మీద ఫోను నంబరు వేయకండి, తిప్పి పంపుతారు.

సుగమ_స్వరం:

ఆ దేశియా పాట అప్‌లోడు చేసే ఫారంలో భాష దగ్గర తెలుగు అని పెట్టకండి బాబూ. దేశియా లేకపోతే ఒడియా అని పెట్టండి. తెలుగు అని పెడితే తెలుగు వినేవాళ్లకి వెళ్తుంది, వాళ్లు పది సెకన్లలో దాటేస్తారు, ఆ తర్వాత అది కోరాపుట్ వాళ్లకి కూడా చేరదు.